కోళ్ళకూ ఒక గట్టి గూడు

వాన పడుతోంది. అర్ధరాత్రి దాటింది. పెరట్లో కోళ్ళు ఒక్కసారిగా అరిచాయి.

అక్క ఉలిక్కిపడి లేచింది. టార్చిలైటు తీసుకుని పెరట్లోకి పరుగెత్తింది. గోడ వారన బోర్లించిన గంప ఒక పక్కకు ఒరిగి ఉంది. గంప మీద పెట్టిన రాయి జారిపోయింది. ముంగిస ఒకటి కంచె సందులోంచి పారిపోయింది.

9 పెట్టల్లో 5 చచ్చిపడి ఉన్నాయి. మిగిలిన 4 తడిసి ముద్దయ్యాయి. వారం తిరక్కుండా వాటిలో 2 పోయాయి. చివరికి అక్కకు మిగిలినవి 2 పెట్టలు.

"నా రాత ఇంతే వదినా" అని అక్క కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

పక్కింటి వదిన అక్క పక్కనే కూర్చుంది. "రాత కాదు వదినా. మనం గూడు కట్టలేదు. అదే తప్పు" అంది.

ఈ మాట నిజమేనా? మనం కూడా ఆలోచిద్దాం.

పోయింది ఎంత?

నాటుకోడి ఏడాదికి సుమారు 50, 60 గుడ్లు పెడుతుంది. 50 అనే అనుకుందాం. అక్కకు పోయినవి 7 పెట్టలు.

7 పెట్టలు, ఒక్కోదానికి 50 గుడ్లు. మొత్తం 350 గుడ్లు.

మీ ఊళ్ళో నాటు గుడ్డు ధర ఎంత? ఆ ధరను 350తో గుణించి చూడండి. కాగితం మీద మీరే వేయండి. ఇంకా కోళ్ళ ధర ఉంది. పొదిగితే వచ్చే పిల్లల ధర ఉంది. ఇదంతా ఒక్క రాత్రిలో పోయింది.

ఈ డబ్బు ఎవరిది? పంట డబ్బు చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ చేతికే పోతుంది. అప్పులకూ ఎరువులకూ సరిపోతుంది. గుడ్ల డబ్బు మాత్రం మన కొంగున ముడి పడుతుంది. పిల్లకు పుస్తకాలు కొనాలన్నా, జ్వరం మాత్ర తేవాలన్నా, సంఘంలో పొదుపు కట్టాలన్నా ఆ ముడే విప్పుతాం. ఎవరినీ చెయ్యి చాపి అడగనక్కరలేదు. ఇంట్లో పిల్లలకు గుడ్డు పెట్టాలన్నా అదే దారి.

అందుకే కోళ్ళ గూడు చిన్న విషయం కాదు. అది మన డబ్బుల పెట్టె. పెట్టెకు మూత లేకపోతే డబ్బు నిలుస్తుందా?

కోడికి కావలసినవి మూడు

కోడి పగలంతా తిరుగుతుంది. దాని తిండి చాలావరకు అదే ఏరుకుంటుంది. కుక్క వస్తే ఎగురుతుంది. రాత్రి మాత్రం దానికి కళ్ళు సరిగా కనబడవు. ఎక్కడ కూర్చుందో అక్కడే ఉండిపోతుంది. కాబట్టి రాత్రి కాపలా మన పని.

గూట్లో మూడు ఉండాలి.

ఒకటి, పొడి నేల. నేల తడిగా ఉంటే జబ్బులు పుడతాయి. కోడిపిల్లలకు రక్త పారుడు రోగం తడి నేలలోనే పెరుగుతుంది.

రెండు, గాలి. రెట్ట నుంచి ఘాటు పుడుతుంది. ఆ ఘాటు బయటికి పోవాలి. లేకపోతే కోళ్ళకు కళ్ళు మండుతాయి, రొప్పు వస్తుంది.

మూడు, గట్టి తలుపు. సందు లేని గోడ.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కోడికి గాలి కావాలి. కానీ ఈదురుగాలి దాని ఒంటికి కొట్టకూడదు. ఈ రెండూ ఎలా కుదురుతాయి? గోడ కింది భాగం మూసి కట్టాలి. పై భాగం జాలీతో వదలాలి. అప్పుడు గాలి కోడి తల మీదుగా పోతుంది. ఘాటును పట్టుకుపోతుంది.

చోటు ఎక్కడ?

ఇంటికి దగ్గరగా ఉండాలి. కోడి అరిస్తే మనకు వినబడాలి.

వాన వచ్చినప్పుడు పెరట్లో నిలబడి చూడండి. నీరు ఎక్కడ నిలుస్తోంది? ఎటు పారుతోంది? నీరు నిలవని మెరక చోటు చూసుకోండి.

మీ ఊళ్ళో జల్లు ఏ పక్క నుంచి కొడుతుందో మీకే బాగా తెలుసు. గూటి వీపు ఆ పక్కకు ఉండాలి. తలుపు దానికి ఎదురు పక్క ఉండాలి.

పడమటి ఎండ గూటి మీద పడకూడదు. ఆ పక్క మునగ చెట్టో అవిసె చెట్టో ఉంటే మంచిది. నీడా వస్తుంది, ఆకూ వస్తుంది.

ఎంత గూడు?

రాత్రి పడుకోవడానికి ఒక్కో కోడికి 2 చదరపు అడుగుల చోటు కావాలి. 10 కోళ్ళకు 20 చదరపు అడుగులు. 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు కడితే సరిపోతుంది. 5ను 4తో గుణిస్తే 20 కదా!

టేపు లేకపోయినా పరవాలేదు. మూర అంటే సుమారు ఒకటిన్నర అడుగు. జాన అంటే సుమారు 9 అంగుళాలు. మన చెయ్యే మన టేపు.

కట్టడం ఎలా?

ముందుగా 4 రాటలు కావాలి. సరుగుడు కర్రలు గానీ గట్టి వెదురు గానీ తీసుకోండి. నేలలోకి పోయే భాగానికి తారు పూయండి. వాడిన ఇంజను ఆయిలు అయినా పూయండి. అప్పుడు చెదలు తొందరగా పట్టవు.

రాటలు నేలలో 2 అడుగులు దిగాలి. అరుగు ఎత్తు ఒకటిన్నర అడుగు, అంటే మూరెడు. అరుగు మీద గూడు ముందు పక్క 5 అడుగులు, వెనక పక్క 4 అడుగులు ఉండాలి. మొత్తం కూడండి. ముందు రాటలు 8న్నర అడుగులు. వెనక రాటలు 7న్నర అడుగులు.

రాటలు పాతాక అరుగు వేయాలి. రాళ్ళు, ఇటుక ముక్కలు, మట్టి వేసి దిమ్మిస చెయ్యాలి. పైన పలచగా సిమెంటు పూస్తే మరీ మంచిది. పందికొక్కులు అరుగును తవ్వలేవు. ఊడ్చడం, కడగడం కూడా తేలిక.

మీ పెరట్లో ఏటా నీరు నిలుస్తుందా? అయితే అరుగు బదులు మంచె లాగా కట్టండి. నేల నుంచి 3 అడుగుల ఎత్తున వెదురు బద్దలు దగ్గర దగ్గరగా పరిచి కట్టాలి. రాటలు కూడా ఆ మేరకు పొడుగ్గా తీసుకోవాలి. కింద నుంచి ఏ జంతువూ దూరకుండా జాలీ కొట్టాలి.

గోడల సంగతి చూద్దాం. జల్లు కొట్టే వెనక గోడను పైదాకా మూసెయ్యండి. చూరు కింద మాత్రం బెత్తెడు సందు వదిలి, దానికి జాలీ కొట్టండి. మిగతా మూడు పక్కలా కింద రెండున్నర అడుగులు మూసి, పైన జాలీ పెట్టండి. గోడకు ఇటుకైనా, మట్టైనా, చెక్కైనా సరే. తడిక అయితే రెండు పక్కలా మట్టి, పేడ కలిపి మెత్తాలి.

జాలీ కొనేటప్పుడు జాగ్రత్త. పలచటి కోళ్ళ వల కోళ్ళను ఆపుతుంది. కుక్కను ఆపదు. కుక్క దాన్ని చించేస్తుంది. గూటికి అరంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ కావాలి. చిటికెన వేలు దూరడమే కష్టం కావాలి. అప్పుడు ముంగిస రాదు, ఎలుక రాదు. పాము కూడా దూరడం కష్టం.

తలుపు 2 అడుగుల వెడల్పు ఉంటే మనం వంగి లోపలికి పోయి ఊడ్చుకోవచ్చు. తలుపుకు గొళ్ళెం పెట్టండి. గొళ్ళేనికి తీగ కూడా మెలి తిప్పండి. గాలికి గొళ్ళెం ఊడిపోతే ఇంత కష్టం వృథా.

అంతా అయ్యాక గూడు చుట్టూ చేతితో తడమండి. మీ పిడికిలి దూరే సందు ఉంటే ముంగిసకు అదే దర్వాజా. పగలు తలుపు వేసి లోపల కూర్చుని చూడండి. ఎక్కడ వెలుతురు చార కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టే.

కప్పు ఎలా ఉండాలి?

కప్పు వెనక్కి వాలి ఉండాలి. రేకు అయితే 1 అడుగు వాలు చాలు. తాటాకు అయితే అది చాలదు. నీరు ఆగి ఆకు కుళ్ళిపోతుంది. తాటాకుకు కనీసం 2 అడుగుల వాలు పెట్టాలి. అందుకు ముందు రాటలు ఇంకో అడుగు పొడుగ్గా తీసుకోవాలి.

చూరు గోడ దాటి మూరెడు బయటికి రావాలి. చూరు పొట్టిగా ఉంటే జల్లు లోపలికి కొడుతుంది. చూరు నీరు పడే చోట చిన్న కాలవ తియ్యండి. నీరు గూటి కాళ్ళ దగ్గర నిలవకూడదు.

రేకు ఎండకు పెనంలా కాలుతుంది. దాని మీద వరిగడ్డి గానీ తాటాకు గానీ పరిచి తాళ్ళతో కట్టాలి. సున్నం కొట్టినా కొంత వేడి తగ్గుతుంది.

లోపల ఏం ఉండాలి?

కోడికి కర్ర మీద పడుకోవడం అలవాటు. గూట్లో పొడవునా 2 కర్రలు కట్టండి. నేల నుంచి మూరెడు ఎత్తు చాలు. కర్ర 2 అంగుళాల లావు ఉండాలి. అంచులు నున్నగా ఉండాలి. ఒక్కో కోడికి జానెడు చోటు పడుతుంది. రెండు కర్రలూ ఒకే ఎత్తులో కట్టండి. లేకపోతే పై కర్ర కోసం కోళ్ళు పొడుచుకుంటాయి.

నేల మీద 2, 3 అంగుళాల మందాన వరి ఊక పోయండి. వేరుశనగ తొక్కు అయినా, రంపపు పొట్టు అయినా సరే. వారానికి రెండుసార్లు కర్రతో కెలకండి.

ఊక తడిసిందో లేదో ఎలా తెలుస్తుంది? గుప్పెడు తీసి పిసకండి. వదిలితే పొడిపొడిగా రాలిపోవాలి. ముద్ద కట్టిందా? అయితే తడి ఎక్కువైంది. తలుపు తియ్యగానే ముక్కుకు ఘాటు కొట్టినా అంతే. ఆ ఊక తీసేసి కొత్తది పోయండి. తీసింది పారెయ్యకండి. గుంటలో వేసి కుళ్ళబెడితే కూరపాదులకు మంచి ఎరువు.

4, 5 పెట్టలకు ఒక గుడ్ల గంప చాలు. చీకటి మూలలో గడ్డి వేసి పెట్టండి. పెట్ట 21 రోజులు పొదుగుతుంది. పొదిగే పెట్టను విడిగా ఉంచండి.

పగలు తిరిగే చోటు

"కోళ్ళను పగలు కట్టిపడేస్తామా?" అని అక్క అడిగింది.

"అక్కర్లేదు వదినా. కానీ నారుమళ్ళు పోసిన రోజుల్లో ఏం జరుగుతుంది? మన కోడి పక్కవాళ్ళ మడి కెలుకుతుంది. కోడితో మొదలైన తగవు మనుషుల దాకా వస్తుంది" అంది వదిన.

ఆ రోజుల్లో, ముసురు రోజుల్లో, పిల్లలు ఉన్నప్పుడు కంచె వేసిన చోటు కావాలి. ఒక్కో కోడికి 10 చదరపు అడుగులు ఉంటే మంచిది. 10 కోళ్ళకు 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు.

కంచె 6 అడుగుల ఎత్తు ఉండాలి. జాలీ అడుగు భాగాన్ని 1 అడుగు బయటి పక్కకు మడిచి నేల మీద పరవాలి. దాని మీద మట్టి, రాళ్ళు వెయ్యాలి. ఎందుకు? కుక్క గానీ పందికొక్కు గానీ కంచె మొదట్లోనే తవ్వుతుంది. తవ్వితే కాళ్ళకు జాలీయే తగులుతుంది. వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు.

పైన పాత చేపల వల కప్పండి. గద్ద, కాకి పిల్లలను ఎత్తుకుపోలేవు. వల మీదికి చిక్కుడు పాదో బీర పాదో పాకించండి. కోళ్ళకు నీడ, మనకు కూర.

ఒక మూల చూరు కింద బూడిద, పొడి మట్టి కలిపి పోయండి. కోళ్ళు అందులో పొర్లుతాయి. ఒంటి మీద పేలు తగ్గుతాయి.

ఎండ, వాన, చలి

ఎండాకాలంలో కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రెక్కలు దూరంగా పెడుతుంది. అది వేడికి తట్టుకోలేకపోతున్న గుర్తు. కుండలో చల్లని నీళ్ళు పెట్టండి. రోజుకు మూడుసార్లు మార్చండి. మధ్యాహ్నం జాలీకి తడి గోనె పట్టా వేలాడదీయండి. కింద మాత్రం నీళ్ళు కారకూడదు.

వానాకాలంలో జాలీకి పరదా కావాలి. పాత గోనె సంచులు కుట్టండి. ప్లాస్టిక్ పట్టా అయినా సరే. జల్లు వచ్చినప్పుడు దించాలి. తగ్గగానే పైకి చుట్టాలి. పరదా దించినా పైన బెత్తెడు సందు వదలాలి. చలికాలపు రాత్రుళ్ళలోనూ అంతే.

పిల్లలకు వెచ్చదనం కోసం బల్బు పెడతారు కొందరు. జాగ్రత్త! గూడు ఇనుప జాలీది. తీగ ఎక్కడైనా తెగి జాలీకి తగిలితే ముట్టుకున్నవాళ్ళ ప్రాణం పోతుంది. అతుకులు వేసిన తీగలు వాడకండి. కంచెకు కరెంటు ఎప్పుడూ పెట్టకండి.

తుఫాను వస్తే

మన కోస్తాకు తుఫానులు కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది. 1996 నవంబరులో కోనసీమను తుఫాను ముంచింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది. అంటే అక్టోబరు రాకముందే గూడు సరిచూసుకోవాలి.

వాసాలను రాటలకు మేకులతోనే వదలకండి. ఇనుప తీగతో చుట్టి బిగించండి. కప్పు మీదుగా రెండు తాళ్ళు వేసి, నేలలో పాతిన గూటాలకు కట్టండి. కప్పు మీద విడి రాళ్ళు పెట్టకండి. గాలికి అవే ఎగిరి మనుషులకు తగులుతాయి.

తుఫాను హెచ్చరిక రాగానే కోళ్ళను గంపల్లో పెట్టి గట్టి ఇంట్లోకి తెచ్చుకోండి. ఊరే ఖాళీ చెయ్యమంటే? గూటి తలుపు తెరిచి వెళ్ళిపోండి. నీరు వస్తే అవి ఎక్కడికైనా ఎగిరి బతకవచ్చు. కోడి కోసం ఆగి మన ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. ముందు మనుషులు, తర్వాత కోళ్ళు.

నీరు తీసిన తర్వాత తడి ఊకంతా ఎత్తెయ్యండి. నేల ఆరాక సున్నం చల్లి కొత్త ఊక పోయండి. తడిసి బూజు పట్టిన నూకలు, తవుడు కోళ్ళకు పెట్టకండి. బూజులో విషం ఉంటుంది.

గూడు ఒక్కటే చాలదు

ఎంత మంచి గూడైనా కొక్కెర తెగులును ఆపలేదు. అది వస్తే వాడ వాడంతా ఊడ్చుకుపోతుంది. దానికి టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క వేస్తారు. 8 వారాలకు సూది వేస్తారు. ఒక్క ఇంట్లో వేయిస్తే లాభం తక్కువ. సంఘం వాళ్ళంతా కలిసి పశువుల ఆసుపత్రిలో అడగండి. ఒకే రోజు వాడంతటికీ వేయించండి.

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. కోళ్ళు ఒకేసారి ఎక్కువగా చస్తే ఏం చెయ్యాలి? వాటిని కొయ్యకండి, తినకండి, అమ్మకండి. కాలవలో పారెయ్యకండి. ఉత్త చేతులతో ముట్టుకోకండి. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి.

అక్క గూడు కట్టింది

అక్క, వదిన కలిసి గూడు కట్టారు. అరుగు మట్టి ఇద్దరూ మోశారు. రాటలు అక్క మరిది పాతాడు. జాలీ, తీగ, గొళ్ళెం మాత్రమే కొన్నారు. అందుకు అక్క సంఘంలో చిన్న అప్పు తీసుకుంది. మిగిలిన 2 పెట్టలూ పొదిగాయి. పిల్లలు పెరిగాయి.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఒక రాత్రి గాలీ వానా కలిసి కొట్టాయి. అక్కకు నిద్ర పట్టలేదు. టార్చిలైటు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. పరదా సందులోంచి చూసింది. కర్రల మీద కోళ్ళన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. కింద ఊక పొడిగా ఉంది. బయట బురదలో ముంగిస అడుగులు కనిపించాయి. అవి గూడు చుట్టూ ఒక చుట్టు తిరిగి, కంచె వైపు వెళ్ళిపోయాయి.

అక్క గొళ్ళెం తీగ ఇంకోసారి మెలి తిప్పి వచ్చి పడుకుంది.

మనం చేద్దాం

ఈ రోజు చీకటి పడ్డాక మీ గూటి దగ్గరికి వెళ్ళండి. ఈ 5 చూడండి.

1. కోళ్ళను లెక్కపెట్టండి. అన్నీ వచ్చాయా?
2. ఊక గుప్పెడు పిసకండి. ముద్ద కట్టిందా?
3. గోడలు తడమండి. పిడికిలి దూరే సందు ఉందా?
4. పైన గాలి ఆడే చోటు ఉందా?
5. గొళ్ళెం గట్టిగా పడిందా?

ఏది సరిగా లేదో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని రేపు సంఘంలో చదివి వినిపించండి. ఎవరి దగ్గర తాటాకు ఉంది? ఎవరి దగ్గర పాత వల ఉంది? అడగండి. ఇచ్చిపుచ్చుకుంటే ఖర్చు సగం తగ్గుతుంది.